ఆ ‘ఎస్’ ఎవరిది?

చదువు ముగించుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో మనుషులకి ఒక విచిత్రమైన ధైర్యం ఉంటుంది. తమకి తెలుసు అనుకున్నవన్నీ నిజంగానే తెలుసని నమ్ముతారు. ఎవరైనా ఎదురుగా నిలబడి “ఎందుకు?” అని అడిగేదాకా ఆ నమ్మకానికి ఢోకా ఉండదు. నన్ను అడిగినవాడు ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడు. అడిగింది ఒకే ఒక్క అక్షరం గురించి. ఆ అక్షరం ఒక ఊరిని రెండు పార్టీలుగా చీల్చింది, మా కరస్పాండెంటు గారికి ఇంట్లో భోజనం లేకుండా చేసింది, చివరికి నాకు పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న నా భాషనే కొత్తగా చూపించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు.

అప్పుడే ఎమ్మే ఇంగ్లీషు పూర్తయింది. తొంభైల చివర. వినుకొండకి ఇవతల, రోడ్డు పక్కన ఒక పెద్ద ఊళ్ళో కొత్తగా పెట్టిన జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. కాలేజీ అంటే మీరేదో ఊహించుకోకండి. అంతకుముందు పత్తి బేళ్ళు దాచుకున్న గోడౌను అది. మధ్యలో అడ్డగోడలు కట్టి, కిటికీలు కొట్టించి, సున్నం వేయించారు. వెనక కిటికీలోంచి చూస్తే దూరంగా వినుకొండ కొండ, దానికీ మాకూ మధ్య మిరపకాయల కల్లాలు. సంక్రాంతి దాటిందంటే కోసిన కాయలన్నీ అక్కడే ఎండబోసేవారు. కనుచూపు మేరా నేల ఎర్రగా అయిపోయేది. చూడ్డానికి ఎంత బాగుండేదో, గాలి ఇటు తిరిగితే అంత కష్టంగా ఉండేది. పిల్లలు తుమ్మేవారు, నేను తుమ్మేదాన్ని. రెండు తుమ్ముల మధ్య దొరికిన ఖాళీలో పాఠం చెప్పేదాన్ని. (ఆ యేడు మా పిల్లలకి వచ్చిన ఇంగ్లీషంతా ఆ ఖాళీల్లో వచ్చిందే.) పైగా నేను చూడ్డానికి పీలగా ఉండేదాన్ని. చీరకి ఎన్ని పిన్నులు పెట్టుకున్నా లెక్చరర్‌లా కనిపించేదాన్ని కాదు. మొదటి రోజు అటెండరు నన్ను గుమ్మంలో ఆపి, “ఏ సెక్షనమ్మా నువ్వు? బెల్లు కొట్టి ఎంతసేపయింది!” అని కసిరాడు. నేను భయపడి నిజంగానే పరిగెత్తాను.

మా కరస్పాండెంటు గారు మిరపకాయల వ్యాపారి. తను చదువుకోలేదు కాబట్టి ఊళ్ళో పిల్లలంతా చదవాల్సిందేనని పట్టుబట్టి కాలేజీ పెట్టిన మనిషి. మనసు వెన్న, గొంతు మాత్రం లారీ హారను. ఆ యేడు గుంటూరులో కాలేజీల మధ్య ఇంగ్లీషు పోటీ ఒకటి జరగబోతోందని తెలిసి, మా కాలేజీ నుంచి కూడా ఒకరు వెళ్ళాలని ఆయన ఆర్డరు వేశాడు. ఎవరు వెళ్ళాలో తేల్చడానికి మాలో మేమే ఒక పోటీ పెట్టుకున్నాం. అందులో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకడిని అందరూ ‘మైకు’ అనేవారు. వాడు గుసగుసగా చెప్పిన మాట కూడా పక్క క్లాసులో వినబడేది. వాడు మా కరస్పాండెంటు గారి భార్యకి సొంత అన్న కొడుకు. రెండో ఆవిడ పేరు ‘డిక్షనరీ’. బస్టాండులో బట్టలు కుట్టే సాయిబు గారి అమ్మాయి. ఏ కొత్త మాట విన్నా దాన్ని ఆ పూటే ఎక్కడో ఒకచోట వాడెయ్యకపోతే ఆ పిల్లకి తోచదు. ఒకసారి అటెండర్ని “మీరు చాలా మెలాంకలీగా ఉన్నారు” అంటే, ఆయన నా దగ్గరికొచ్చి తిట్టిందో పొగిడిందో కనుక్కుని వెళ్ళాడు.

ఇద్దరికీ మార్కులు సమానంగా వచ్చాయి. ఇక ఆఖరి ప్రశ్న. ఖాళీ పూరించమని నేనే బోర్డు మీద ఒక వాక్యం రాశాను. తెలుగులో చెప్పాలంటే, ‘మా మామయ్య మిరప పండించే రైతుల్లో ఒకడు’ అని. ఇంగ్లీషులో ‘మై అంకుల్ ఈజ్ వన్ ఆఫ్ ది ఫార్మర్స్ హూ’ దాకా రాసి, ఒక గీత గీసి, ఆ తర్వాత ‘చిల్లీస్’ అని రాశాను. ఆ గీత మీద ‘గ్రో’ రావాలా, ‘గ్రోస్’ రావాలా?

డిక్షనరీ లేచి “గ్రో” అంది. మైకు లేచి “గ్రోస్” అన్నాడు. నేను “గ్రో కరెక్టు, అమ్మాయి గెలిచింది” అన్నాను. అక్కడితో అయిపోయిందనుకుని డస్టరు తీసుకున్నాను.

“మేడమ్,” అన్నాడు మైకు. కల్లంలో కాయలు తిరగేస్తున్న కూలీలు కూడా తలెత్తి చూశారు. “వన్ అంటే ఒకటే గదా?”

“అవును.”

“ఒకరైతే క్రియకి ఎస్ పెట్టాలి, ఎక్కువమందైతే పెట్టకూడదని మీరే గదా చెప్పింది?”

“అవును.”

“మామయ్య ఒకడే గదా మేడమ్?”

“ఒకడే.”

“మరి ఎస్ ఏది?”

“ఇక్కడ... పెట్టకూడదు.”

“ఎందుకు మేడమ్?”

నేను నోరు తెరిచాను. అదృష్టం కొద్దీ తుమ్మొచ్చింది. అది అయిపోయాక కూడా వాడు అలాగే నిలబడి ఉన్నాడు. ‘గ్రో’ సరైనదని నాకు తెలుసు. ఏ దేవుడి పటం ముందు నిలబెట్టినా అదే చెప్పేదాన్ని. కానీ ఎందుకో తెలియదని ఆ క్షణం దాకా నాకే తెలియదు. బడిలో మా టీచరమ్మ గారు అలా చెప్పారు, నేను అలా నేర్చుకున్నాను. అంతే.

ఆ సాయంత్రానికే సంగతి ఊళ్ళోకి పాకింది. ఆ ఊళ్ళో సగం మందికి ఇంగ్లీషు రాదు, కానీ ఒకటికీ పదికీ తేడా తెలియనివాళ్ళు ఎవరూ లేరు. “ఒకడైతే ఎస్ పెట్టాలంట. మామ ఒకడేనంట. అయినా పెట్టకూడదంట. ఇదేం లెక్కరా!” అని టీ కొట్టు దగ్గర పెద్ద చర్చ. మర్నాటికి పార్టీలు ఏర్పడ్డాయి. ‘ఎస్ పార్టీ’ పెద్దది. ‘ఎస్ లేని పార్టీ’లో సాయిబు గారూ, ఆయన దగ్గర చొక్కాలు కుట్టించుకునే కొందరూ, నేనూ. పాలు పోయడానికి వచ్చినావిడ గిన్నె పట్టుకుని నన్ను ఆపాదమస్తకం చూసి, “నువ్వేనామ్మా, మైకు గాడి ఎస్ తీసేసింది?” అంది. మైకు వాళ్ళమ్మ వీధిలో కనబడి ముఖం తిప్పుకుంది. కాలేజీలో ఉన్న రెండు గ్రామరు పుస్తకాలూ తిరగేశాను. ఒకదాంట్లో అసలా సంగతే లేదు. రెండో దాంట్లో సగం చెదలు తినేశాయి. చెదలు ఏది తిన్నాయో నాకు అనుమానం లేదు.

కరస్పాండెంటు గారు నన్ను గదిలోకి పిలిచి, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

“చూడమ్మా, నాకు ఎస్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కానీ ఇంట్లో మా ఆవిడ పొయ్యి వెలిగించటం మానేసింది. వాళ్ళ వదిన, అదే ఆ మైకు గాడి తల్లి, వచ్చి మా ఇంట్లోనే కూర్చుంది. హోటల్లో ఇడ్లీలు తిని బతుకుతున్నా. ఊరోళ్ళేమో ఆ మేడమ్మకే రాదంటన్నారు. సోమవారం పేరెంట్స్ మీటింగు పెట్టా. ఆ రోజు అందరి ముందరా నిలబడి ఎందుకో చెప్పు. చెబితే ఆ పిల్లే గుంటూరు పోద్ది, ఎవరు కాదంటారో నేను చూస్తా. చెప్పలేకపోతే మాత్రం...” అని పైకప్పు రేకుల వంక చూశాడు. ఆ రేకుల మీద నా ఉద్యోగం కనబడింది నాకు. ఆడపిల్లని అంత దూరం పంపనని భీష్మించుకున్న మా నాన్నని నెలరోజులు బతిమాలి సంపాదించిన ఉద్యోగం!

బయటికొస్తే వరండాలో డిక్షనరీ.

“మేడమ్, నేను చెప్పింది నిజంగా రైటేనా?”

“రైటే. నీకెలా తెలిసింది?”

“చెవికి బాగుంది మేడమ్.” కాసేపు గోడకి గీతలు గీసి, “గుంటూరు వెళ్ళకపోయినా పర్లేదు మేడమ్. కాకపోతే మా నాన్న అప్పుడే డ్రెస్సు కుట్టేశాడు. చేతులకి లేసు కూడా పెట్టాడు” అంది.

ఆ లేసు మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. ఆదివారం పొద్దున్నే అద్దంకి మీదుగా ఒంగోలు బస్సెక్కాను.

ఒంగోల్లో, కొత్తపట్నం బస్టాండు దగ్గర, చేపల గంపల వాసన తగిలేంత దూరంలో మా పెద్ద టీచరమ్మ గారి ఇల్లు. మిషన్ స్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. తెల్ల నేత చీర, చేతి గడియారం మణికట్టు లోపలి వైపుకి, ఎండైనా వానైనా చంకలో గొడుగు. ఆవిడ వరండాలో నడుస్తుంటే మూడు క్లాసుల అవతల అల్లరి ఆగిపోయేది. ఆవిడ “సిట్ డౌన్” అంటే కిటికీ మీద వాలిన కాకి కూడా సర్దుకుని కూర్చునేది. (నేను కళ్ళారా చూశాను.) కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. తప్పు చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆ తుడవడం అయ్యేదాకా మేం ఊపిరి తీసుకునేవాళ్ళం కాదు.

చర్చి నుంచి అప్పుడే వచ్చి మజ్జిగ తాగుతున్నారు. నేను ఏడుపు గొంతుతో కథంతా చెప్పాను. అంతా విని, “గ్రో అన్నావు. మంచిది. ఎందుకూ?” అన్నారు.

“మీరే చెప్పారు గదండీ.”

“నేను చెబితే? నేను పొరపాటు చెబితే?”

అలాంటిది జరగడానికి వీలుందని నాకెప్పుడూ తోచలేదు. ఆవిడ కళ్ళజోడు తీశారు. నేను మళ్ళీ ఎనిమిదో క్లాసులోకి వెళ్ళిపోయాను. తుడిచి పెట్టుకుని, “సరే, ఇంగ్లీషు వదిలెయ్. తెలుగులో చెప్పు. మిరప పండించే రైతు. ఎక్కువమందైతే?” అన్నారు.

“మిరప పండించే రైతులు.”

“ఆడమనిషైతే?”

“మిరప పండించే ఆవిడ.”

“నువ్వే పండిస్తే?”

“మిరప పండించే నేను.”

“ఏం మారింది?”

“రైతు, రైతులు, ఆవిడ, నేను...”

“నేనడిగింది ‘పండించే’ గురించి.”

నేను నోట్లోనే మళ్ళీ ఒకసారి అనుకున్నాను. పండించే రైతు, పండించే రైతులు, పండించే ఆవిడ, పండించే నేను. మారలేదు. అసలేమీ మారలేదు! పండిస్తాడు, పండిస్తుంది, పండిస్తారు, పండిస్తాను అని మనిషి మనిషికీ మారిపోయే మాట, మనిషి ముందుకొచ్చి నిలబడేసరికి ‘పండించే’ అయిపోయి, ఆడా మగా, ఒకరా పదిమందా అన్న ఊసే లేకుండా ఊరుకుంది. మాటలు వచ్చిన నాటి నుంచీ రోజూ వాడుతున్నాను. మా అమ్మ వాడింది, మా నాయనమ్మ వాడింది. ఎవరమూ దాని ముఖం చూడలేదు. నాకు ఒళ్ళు జలదరించింది. నిజం చెబుతున్నాను, ఎండవేళ, చేపల గంపల పక్కన, చేతులమీద రోమాలు లేచి నిలబడ్డాయి.

నా ముఖం చూసి ఆవిడ నవ్వారు. “మన భాషలో ఆ మాటకి ఏ బాదరబందీ లేదు. అందుకే మనవాళ్ళు అక్కడ బోర్లా పడతారు. వాళ్ళ భాషలో ‘హూ’ అని ఒకటి వచ్చి మధ్యలో నిలబడుతుంది. దాని వెనకొచ్చే క్రియ దాన్నే అడుగుతుంది, ‘నీవాళ్ళు ఒకరా, ఎక్కువమందా?’ అని. పాపం దానికేం తెలుసు? దానికంటూ సొంతంగా ఏమీ లేదు. వెనక్కి తిరిగి, తను ఎవరి గురించి వచ్చిందో వాళ్ళని చూసి చెప్పాలి. నీ వాక్యంలో అది ఎవరి గురించి వచ్చింది? మామయ్య గురించా, రైతుల గురించా?”

“రైతుల గురించి,” అన్నాను. ‘పండించే రైతులు’ అని తెలుగులో నేనే చెప్పాను గదా! ఆ ఇంట్లో ఎవరో దీపం పెట్టినట్టయింది.

“ఇదంతా ఒక కాగితం మీద రాసివ్వండి, మీ పేరు చెప్పి చదివేస్తాను” అని బతిమాలాను.

“కాగితం చదివితే ఒంగోల్లో ఎవరో ముసలావిడ అన్నదట అంటారు. సంగతి బుర్రకెక్కదు. రేపు మొదటి బస్సుకే వెళదాం, నేనూ వస్తాను. మిరపకాయలు ఎండబోయటం చూసి చాలా కాలమైంది” అన్నారు.

సోమవారం కల్లం పక్కన షామియానా. తల్లిదండ్రులంటే తల్లిదండ్రులు కాదు, ఊరు ఊరంతా వచ్చింది. ఎస్ పార్టీ ముందు వరసలో కూర్చుంది. మా టీచరమ్మ గారు గొడుగు ముడుస్తూ షామియానా కిందికి రాగానే, ఎవరూ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు. కరస్పాండెంటు గారు తువ్వాలు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆవిడ ఎవరో వాళ్ళకి తెలియదు. ఎందుకు లేచారని తర్వాత అడిగితే, “ఏమో, లేవాలనిపించింది” అన్నాడొకాయన. ఆవిడ స్టాండుకున్న మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, అందరూ చెవులు రిక్కించాక, తుమ్మారు. ఆగకుండా తుమ్మారు. జనమంతా ఎంతో వినయంగా, అదేదో ప్రార్థన అన్నట్టు, తలలు వంచుకుని విన్నారు.

అది అయ్యాక, అందర్నీ కూర్చోబెట్టి, “మిరప పెట్టిన రైతులు లేవండి” అన్నారు.

దాదాపు అందరూ లేచారు. ముందు వరసలోంచి పెద్ద తలపాగా ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. “ఈయనెవరు?”

“మా పెదకాపు!” అని అరిచారు.

“అది కాదు. వాక్యంలో ఈయనెవరు?”

కాస్త తటపటాయించి ఎవరో, “మిరప పండించే రైతుల్లో ఒకాయనమ్మా” అన్నారు.

“బాగుంది. అంటే ఈయనొక్కడే పండిస్తాడా?”

“అదెట్టా? అందరం పండిస్తన్నాం గదమ్మా! పొద్దున లేస్తే చేలోనే గదా మేం ఉండేది!” ఒక్కసారిగా అరిచారు. ఎర్రబడిన కళ్ళతో, కారం ఘాటెక్కిన గొంతులతో నిజంగానే కోపం తెచ్చుకున్నారు.

“మరి పండించే పని ఎవరిది?”

“అందరిదీ!”

“అందరిదీ అయితే ఎస్ ఎట్లా పెడతారు?”

నేను ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూస్తున్నాను. ముందు వరసలో ఒక ముసలాయన చేతివేళ్ళతో ఏదో లెక్క చూసుకుని, “ఓర్నీ!” అన్నాడు. ఆ ‘ఓర్నీ’ వరసలు వరసలుగా వెనక్కి వెళ్ళింది. కరస్పాండెంటు గారు మాత్రం లొంగలేదు. (ఇంటికెళ్ళాల్సింది ఆయన.) “అమ్మా, మరి వాక్యం మొదట్లో ఈజ్ అని ఉంది గదా, అది ఒకడికే గదా అంటారు?”

“అది ఈయనది” అని ఆవిడ తలపాగా ఆయన భుజం మీద గొడుగు ఆనించారు. “అంకుల్ ఈజ్. ఇక ‘హూ గ్రో’ అన్నది ఈ నిలబడ్డవాళ్ళందరిదీ. ఒకే వాక్యంలో రెండు క్రియలు. ఎవరి క్రియ వాళ్ళది.”

అప్పుడు లేచాడు మా మైకు. ముఖం కందగడ్డలా ఉంది. “అయితే అక్కడ ఎస్ ఎప్పుడూ రాదా? ఎవ్వరికీ రాదా?”

ఆవిడ ముఖం విప్పారింది. బడిలో ఎప్పుడో ఏడాదికి ఒకసారి, ఎవరైనా నిజమైన ప్రశ్న వేసినప్పుడు మాత్రమే చూసిన ముఖం అది. “కూర్చోకు, నిలబడే ఉండు నాన్నా” అని, జనం వైపు తిరిగి, “ఈ యేడు పత్తి వేసినవాళ్ళెవరు?” అన్నారు.

నవ్వులు మొదలయ్యాయి. అంతకుముందు వరసగా పచ్చపురుగు పత్తి చేలని తినేసి ఊరిని ఏడిపించింది. ఆ యేడు అందరూ పత్తి మానుకుని మిరపకి మళ్ళారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. షామియానా చివర, ఎండలో సగం నీడలో సగం కూర్చున్న ఒక సన్నపాటి మనిషి చెయ్యి కొంచెం ఎత్తి దించేశాడు. ఆయన మైకు వాళ్ళ నాన్న. ఊళ్ళో ఇంత గొడవ జరుగుతున్నా ఆయన గొంతు నేను ఒక్కసారి కూడా వినలేదు.

“ఆ ఒక్కడేనమ్మా! ఎంత చెప్పినా ఇన్లా!” అన్నారెవరో.

“ఎందుకు బాబూ, పత్తే వేశావు?” అన్నారు టీచరమ్మ గారు.

ఆయన లేచి, తల గోక్కుని, “నాకు మిరప్పడదమ్మా. ఒకటే తుమ్ములు. చేలోకి పోతే ఇంటికి రాలేను” అన్నాడు. జనం విరగబడి నవ్వారు. కొడుకు తల దించుకున్నాడు.

“నాకూ పడదు. ఇందాక చూశారు గదా” అన్నారావిడ. నవ్వు టక్కున ఆగిపోయింది. ఆవిడ గొడుగుతో వెనక వరస వైపు చూపించి, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా కడిగి పెట్టినట్టు చెప్పారు: “హి ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ దెమ్ హూ గ్రోస్ కాటన్.” ఆ ‘గ్రోస్’ చివర ఎస్ సన్నగా సాగి, కల్లం మీదుగా పోయినట్టనిపించింది. “వీళ్ళందరిలోనూ పత్తి పండించేవాడు ఆయనొక్కడే. ఇక్కడ ‘హూ’ వెనక్కి తిరిగి చూస్తే ఇంకెవరూ లేరు. ఆయనే ఉన్నాడు. ఈ ఎస్ ఆయనది. ఇంకెవరికీ ఇందులో వాటా లేదు.”

ఆ మనిషి తువ్వాలు చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, “అంటే ఏందమ్మా, ఇంగ్లీషులో నాకోసం ఒక అక్షరం ఉన్నట్టేనా?” అన్నాడు.

“ఉన్నట్టే.”

ఆయన మెల్లగా కూర్చున్నాడు. మైకు ముందు వరసలోంచి కదిలి, ఎవరి వంకా చూడకుండా నడుచుకుంటూ వెళ్ళి, వాళ్ళ నాన్న పక్కన ఎండలో కూర్చున్నాడు. ఊరంతా ఆ తండ్రీ కొడుకుల్ని చూస్తోంది. నేను మాత్రం టీచరమ్మ గారినే చూస్తున్నాను. ఒక చిన్న వ్యాకరణ సూత్రం పట్టుకుని, ఊరు నవ్వే మనిషిని ఊరి ముందు నిలబెట్టగలగడం ఎవరికి సాధ్యం? ఎమ్మేలో నాకు ఎంతో మంది గొప్పవాళ్ళ గురించి చెప్పారు. ఇలాంటిది ఎవరూ చెప్పలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండును గానీ, మా డిక్షనరీ చెయ్యెత్తింది. “అమ్మగారూ, హూ ముందు ‘నేను’ ఉంటే? ‘ఇట్ ఈజ్ ఐ హూ’ అంటే, తర్వాతేం రావాలి?”

“నువ్వే చెప్పు. హూ వెనక్కి చూస్తే ఎవరున్నారు?”

“ఐ ఉంది. ఐకి యామ్.” ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, చేతులు కట్టుకుని, ఊరందరి ముందూ గట్టిగా చెప్పింది: “ఇట్ ఈజ్ ఐ హూ యామ్ గోయింగ్ టు గుంటూర్!”

అర్థమైనవాళ్ళు చప్పట్లు కొట్టారు, వాళ్ళని చూసి మిగిలినవాళ్ళు కొట్టారు. సాయిబు గారు మెడలో టేపు తీసెయ్యడం కూడా మర్చిపోయి వచ్చాడు, దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. కరస్పాండెంటు గారు నా దగ్గరికొచ్చి, “ఎస్ మా బావకే వచ్చిందని చెబుతా ఇంట్లో. ఇవాళ అన్నం పెడతారు” అన్నాడు సంబరంగా.

సాయంత్రం టీచరమ్మ గారిని బస్సెక్కించడానికి వెళ్ళాను. ఆవిడ సీట్లో సర్దుకుని కూర్చున్నాక, కిటికీలోంచి తల బయటపెట్టి, “ఒక మాట చెప్పటం మర్చిపోయాను. ఇంగ్లీషువాళ్ళలోనే పేరున్నవాళ్ళు కొందరు అక్కడ ఎస్ పెట్టి రాశారు. వాళ్ళ చెవి కూడా ‘వన్’ దగ్గరే ఆగిపోతుంది. అది మరీ నేరమేం కాదు” అన్నారు.

“అయ్యో, ఆ మాట ఇందాక చెప్పలేదేమండీ?”

“రేపు నువ్వు చెప్పు క్లాసులో. ఇప్పుడు నీకు ఎందుకో తెలుసు గదా” అని కళ్ళజోడు తీసి తుడుచుకుంటుండగా బస్సు కదిలింది. మర్నాడు ఆ మాట చెప్పాక మా క్లాసులో ఏం జరిగిందో మీరే ఊహించుకోండి. ఎస్ పార్టీ మళ్ళీ లేచింది. కానీ ఈసారి నేను తుమ్ము కోసం ఎదురుచూడలేదు. బెల్లు కొట్టేదాకా వాళ్ళతో వాదించాను. డిక్షనరీ లేసు చేతుల డ్రెస్సు వేసుకుని గుంటూరు వెళ్ళింది, ప్రైజు రాలేదు. అక్కడ తీర్పరి చెప్పిన వాక్యంలోనే ఈ పిల్ల తప్పు పట్టిందట. అది కూడా నా పెంపకమే అని గర్వపడ్డాను.

కొన్నేళ్ళు గడిచాయి. నాకు గుంటూరు దగ్గర మరో కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అక్కడ నన్ను పిల్లలు వెనకాల ‘హూ మేడమ్’ అంటారని తెలిసి మొదట ఉడుక్కుని, తర్వాత ఆ పేరుకే పలకడం మొదలుపెట్టాను. ఒకరోజు గుంటూరు బస్టాండులో నిలబడి ఉంటే, ప్లాట్‌ఫారాలన్నీ దాటుకుని “మేడమ్!” అని ఒక కేక వినబడింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసిపోయింది. మా మైకు. మీసాలొచ్చాయి, పొట్ట కూడా వచ్చింది. విత్తనాల కంపెనీలో పనిచేస్తున్నాడు. ఊరి కబుర్లు చెప్పాడు. కొత్త రకం విత్తనాలొచ్చాక పురుగు బెడద తగ్గిందని, ఊళ్ళో అందరూ మళ్ళీ పత్తికే మళ్ళారని అన్నాడు.

“అంటే మా నాన్న ఎస్ పోయింది మేడమ్” అన్నాడు, నిజంగానే దిగులుగా. “నౌ హి ఈజ్ వన్ ఆఫ్ ది ఫార్మర్స్ హూ గ్రో కాటన్.”

వాక్యంలో వంక పెట్టడానికి లేదు. “నాన్నగారికి చెప్పావా ఆ సంగతి?” అన్నాను.

“చెప్పా మేడమ్. పోతే పోయిందిలేరా, ఇప్పుడు చేలో పక్కనోళ్ళు నాతో మాట్లాడతన్నారు, అన్నాడు.”

వాడి బస్సు వచ్చింది, వెళ్ళిపోయాడు. నేను నా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పిన్నులు గుచ్చుకున్న చీరలో, చేతిలో డస్టరుతో, “ఇక్కడ పెట్టకూడదు” అని మాత్రమే చెప్పగలిగిన ఆ పీల పిల్లని తలుచుకుని నవ్వుకున్నాను. పక్కసీటావిడ “ఏమైందమ్మా?” అంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, “ఏం లేదండీ, ఒక ఎస్ పోయింది” అన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసి, కాస్త పక్కకి జరిగి కూర్చుంది.